పదీ ఐదూ పదిహేను

మా వంటింట్లో ఒక మిక్సీ ఉంది. ఆఫీసు వాళ్లు నా పనితనం మెచ్చి ఇచ్చిన డబ్బుతో కొన్నదని మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. చెప్పి ఊరుకోదు, మూడో నంబరు మీద ఒకసారి తిప్పి చూపిస్తుంది కూడా. అందులో అబద్ధమేం లేదు. ఏ పని చూసి మెచ్చారన్నది మాత్రం ఇన్నాళ్లూ నేను చెప్పలేదు. పొద్దున్నే కొబ్బరి పచ్చడికి అది గుర్రుమన్నప్పుడల్లా నాకు "పదీ ఐదూ పదిహేను, పదీ ఐదూ పదిహేను" అని వినిపిస్తుంది.

నేను మెయిల్ సర్వరు చూసే ఉద్యోగిని. కంపెనీ హైదరాబాదులో, సర్వరూ అక్కడే ఏదో డేటా సెంటర్లో. నేను మాత్రం 2020 లాక్‌డౌన్‌కి పెట్టె సర్దుకుని మా ఊరు నందివాడ వచ్చినవాణ్ణి, వచ్చినట్టే ఉండిపోయాను. మేడ మీద గది, ఫైబర్ నెట్, దానికో ఇన్వర్టర్. కిటికీ తెరిస్తే నాన్న చేపల చెరువు. ఊళ్లో నా ఉద్యోగం ఏమిటో ఎవరికీ అంతుపట్టదు. నాలుగొందల మందికి ఉత్తరాలు అందేలా చూస్తానని ఒకసారి చెప్పిన పాపానికి, "మావాడు కంప్యూటర్లో పోస్టుమాస్టరు" అని అమ్మ ఖాయం చేసేసింది.

ఆ సర్వర్లో నడిచేదాని పేరు జింబ్రా. అమెరికాలో టాకింగ్ హెడ్స్ అనే బృందం 1979లో పాడిన 'ఐ జింబ్రా' పాట నుంచి తీసుకున్న పేరది. ఆ పాటలో మాటలేమో హ్యూగో బాల్ అనే జర్మన్ కవి కావాలనే అర్థం లేకుండా రాసిన శబ్దాల నుంచి వచ్చాయి. అమ్మకి అది ఎప్పుడూ జీబ్రాగానే వినబడుతుంది. అర్ధరాత్రి నా గదిలో లైటు వెలుగుతుంటే కింద నుంచి కేకేస్తుంది: "ఏరా, జీబ్రా ఇంకా పడుకోలేదా?"

ఇది 2022 మాఘమాసం సంగతి. అప్పటికి మాది 8.7 వెర్షన్. 8.8.15 వచ్చింది 2019లోనే. పాతదాన్ని అలాగే ఉంచడమంటే దొంగకి తాళంచెవి ఎక్కడ పెట్టామో చెప్పి ఊరెళ్లడమేనని తెలిసి కూడా రెండున్నరేళ్లు దాటవేశాను. ఈలోగా మెయిల్ నత్తనడక నడుస్తోందని ఫిర్యాదులు. మెమరీ చాలట్లేదని నేను తేల్చేశాను. ఎలా తేల్చానంటే, మెమరీ అడిగితే మా మేనేజరు కాదనడు కాబట్టి. 8 జీబీ ఉన్న మెషీన్‌ని 16 జీబీ చేయించాను. ఒక శనివారం రాత్రి వెర్షనూ మార్చేసి, మెమరీ కూడా పంచేద్దామని ముహూర్తం పెట్టుకున్నాను.

ఆ శనివారమే ఇంట్లో పద్నాలుగు మంది చుట్టాలు దిగారు. మర్నాడు గుడివాడలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లి. సాయంత్రం మా ఆవిడ పాలచీటీల పుస్తకం వెనక అట్ట మీద ఎవరెక్కడ పడుకోవాలో రాస్తోంది. పెదనాన్నగారికి పందిరి మంచం, ఆయన గురకకి దూరంగా మావయ్యలు హాల్లో, పిల్లలంతా చాపల మీద వరసగా, చంటిపిల్ల తల్లికి ఫ్యాను కింద. మా అన్నయ్యగారికి పక్కగది ఇస్తే ఆయన ఏసీ అడుగుతారు, ఏసీ వేస్తే ఇన్వర్టర్ ఆగదు, అందుకని అన్నయ్యగారు కూడా హాల్లోనే. ఇలా అట్ట నిండిపోయింది. వెనక వరండా మాత్రం ఎవరి పేరా లేకుండా మిగిలింది.

"అంత వరండా ఖాళీగా వదిలేశావేంటి? నలుగురు పడతారు కదా" అన్నాను.

"రాత్రి బాత్రూమ్‌కి లేచినవాళ్లు ఎవరి పీక తొక్కుకుంటూ వెళ్తారండీ?" అంది తల ఎత్తకుండా.

నేను ఔనన్నట్టు తల ఊపి, అరగంట పని ఉందని చెప్పి మేడెక్కాను. అరగంట అన్నది మా వృత్తిలో కొలత కాదు, ఇల్లు దాటడానికి వాడే మాట.

బ్యాకప్ తీసి, సర్వీసులు ఆపి, ఇన్‌స్టాలర్ అడిగిన ప్రతి ప్రశ్నకీ వై, వై అంటూ కొట్టుకుంటూ పోయాను. మూడుంపావుకి అన్నీ 'రన్నింగ్' అని పచ్చగా చూపించాయి. అక్కడితో లాప్‌టాప్ మూసి పడుకుని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు, మిక్సీ కూడా ఉండేది కాదు.

జింబ్రా అంటే ఒక్క ప్రోగ్రాము కాదు, ఒక గుంపు. ఉత్తరాలు చూపించేది జావాలో నడుస్తుంది. ఏ ఉత్తరం ఎవరిది, చదివారా లేదా అన్న లెక్కలు మరియాడీబీ రాస్తుంది. ఎవరెవరో గుర్తుపట్టడానికి ఎల్‌డాప్, బయటికీ లోపలికీ మోయడానికి పోస్ట్‌ఫిక్స్, వైరస్ ఉందేమో వాసన చూడడానికి క్లామ్‌ఏవీ. వీళ్లందరి కింద నోరెత్తకుండా చాకిరీ చేసే లినక్స్. ఇందులో జావాకి ఎంత మెమరీ అన్నది ఒక అంకెగా రాసి పెట్టి ఉంటుంది. మెషీన్‌కి మెమరీ రెట్టింపు చేసినా ఆ అంకె తనంతట తాను పెరగదు. మనమే మార్చి, దాన్ని ఆపి మళ్లీ లేపాలి. మాది 2048 మెగాబైట్ల దగ్గర ఏళ్ల తరబడి కూర్చుంది. చూస్తే జాలేసింది.

మొత్తంలో జావాకి పావు వంతు, డేటాబేస్‌కి పావు నుంచి మూడో వంతు లోపు అన్నది ఈ పనిలో ఉన్నవాళ్లు మామూలుగా పాటించే లెక్క. నాకూ తెలుసు. కానీ తెల్లవారుజామున మూడున్నరకి, పదహారు జీబీలు చేతిలో పడ్డవాడికి పావు వంతు అనే మాట పిసినారితనంలా వినబడుతుంది. జావాకి 10 జీబీ పెట్టాను. 10240. డేటాబేస్ ఫైల్లో అంకె బైట్లలో రాయాలి, అక్కడ 5 జీబీ అంటే 5368709120. సరిగ్గా సెల్ నంబరులా పది అంకెలు. కాగితం మీద గుణించి, సున్నాలు రెండుసార్లు సరిచూసి మరీ కొట్టాను. పదీ ఐదూ పదిహేను, పదహారులో ఇంకా ఒకటి మిగిలిందని తృప్తిగా అనుకున్న మాట కూడా నాకు గుర్తుంది. ఆ మిగిలిన ఒక్కదానిలో ఎల్‌డాపూ, పోస్ట్‌ఫిక్సూ, లినక్సూ సర్దుకోవాలి. ఒక్క క్లామ్‌ఏవీనే వైరస్ జాబితా అంతా నెత్తిన పెట్టుకుంటే ఒక జీబీ పైన తింటుంది. ఇంకో సంగతి, జావాకి పది అంటే పదితో ఆగదు. ఆ పది దాని సామాను గదికి మాత్రమే. దాని పనివాళ్లకీ, కోడ్‌కీ విడిగా ఇంకొంత కావాలి.

ఎవరి పేరా రాయని వరండా కింద ఉంది. మేడ మీద నేను దాన్ని కూడా పంచేశాను.

ఆదివారం ఏమీ కాలేదు. ఇదే నా పాలిట శని. పెళ్లిలో పట్టుపంచె కట్టుకుని, పులిహోర తింటూ, ఫోన్లో సర్వర్ చూసుకుంటూ మా తోడల్లుడికి గొప్పలు చెప్పాను. "మెమరీ సరిగ్గా సెట్ చేస్తే పరిగెడుతుందండీ, ఎవరూ పట్టించుకోరు." ఆయన ఎరువుల వ్యాపారి, మర్యాదస్తుడు, నమ్మాడు.

జావాకి పది ఇస్తానని మాట ఇచ్చినా అది మొదటిరోజే పదీ తినదు. పని పెరిగేకొద్దీ ఒక్కో పేజీ ఆక్రమించుకుంటూ పోతుంది. చెరువులో పిల్ల వదిలే రోజు కూడా ఇంతే. వేలెడంత బొచ్చె, శీలావతి పిల్లలు నీళ్లలో పడి మాయమైపోతాయి, చెరువు బోసిగా కనిపిస్తుంది. ఇంకో రెండు డ్రమ్ములు వదిలితే ఏం పోయిందనిపిస్తుంది. నాన్నతో ఒకసారి అన్నాను కూడా. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇవి పెరుగుతాయిరా" అన్నారు.

సోమవారం పొద్దున మబ్బు, పైన మంచు. కొల్లేరు వైపు గాలి కదలని రోజు. నాన్న ఐదింటి నుంచీ గట్టు మీదే ఉన్నారు. చేప తేలింది. రాత్రంతా నీళ్లలో నాచు కూడా ప్రాణవాయువు పీల్చేస్తుంది, పొద్దున ఎండ రాకపోతే మళ్లీ తయారు చెయ్యదు. అలాంటి రోజుల్లో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటాయి. ఇంజను పెట్టి కొత్త నీళ్లు చిమ్ముతున్న చప్పుడు నా గదిలోకి వినిపిస్తోంది.

తొమ్మిదిన్నరకి నాలుగొందల మంది ఒక్కసారిగా మెయిల్ తెరిచారు.

ముందు నెమ్మదించింది. తర్వాత ఒక ఉత్తరం తెరవడానికి టీ తాగి రావాల్సినంత సేపు పట్టింది. మెమరీ నిండిపోతే లినక్స్ కొంత సామాను డిస్క్ మీదికి, స్వాప్ అనే చోటికి తోసేస్తుంది. మా వైపు వాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. బుడమేరు, తమ్మిలేరు అన్నీ వచ్చి కొల్లేట్లో పడతాయి. కొల్లేటి నుంచి సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. రావడం వేగం, పోవడం నిదానం. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు మా మండలంలో మళ్లీ చూశాం, విజయవాడలో వాన ఆగాక కూడా మా దగ్గర నీళ్లు కదలకపోవడం. స్వాప్ అంతే. వెళ్లిన సామాను అవసరం పడితే అక్కణ్ణించి తిరిగి రావడానికి యుగాలు పడుతుంది.

దానికి తోడు జావాకి ఒక అలవాటు. వాడి పారేసిందంతా పోగేసుకుని, గది నిండాక అప్పుడు ఊడవడం మొదలెడుతుంది. ఊడవాలంటే మూలమూలా తొంగిచూడాలి. ఆ మూలల్లో సగం అప్పటికే డిస్క్ మీదికి తరలిపోయాయి. ఒక్కోటీ తెచ్చి చూడడం, దానికి చోటు కోసం ఇంకోటి బయటికి తొయ్యడం, మళ్లీ దాన్ని తెచ్చి చూడడం. అంత పెద్ద గది ఇచ్చిన పుణ్యాత్ముణ్ణి నేనే.

పదీ పదికి జావా చచ్చిపోయింది.

మేనేజరు ఫోను. అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం మా మండలంలోదే. ఆ గాలి ఎంతో కొంత నాకూ సోకి ఉండాలి. "చూస్తున్నానండీ, నెట్‌వర్క్ వైపు ఏదో ఉన్నట్టుంది" అని ఎంత నిబ్బరంగా అన్నానంటే, ఫోను పెట్టాక నేనే నెట్‌వర్క్ కుర్రాడికి ఫోను చేయబోయాను.

ఇప్పుడు అసలు ఒప్పుకోలు. జావా మెమరీ లేక చచ్చిందని లాగ్‌లో ఉంది. మెమరీ లేక చచ్చింది అంటే దానికి తక్కువైందనే కదా? పది చాల్లేదు, పాపం. పదకొండు చేశాను. పదకొండూ ఐదూ పదహారు. మెషీన్లో ఉన్నదే పదహారు. లేపాను. ఈసారి ఇరవై నిమిషాలు కూడా నిలవలేదు.

పదకొండున్నర ప్రాంతంలో నుదుటిమీద చెయ్యి పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద నాన్న, చెరువు దగ్గర పనిచేసే కుర్రాణ్ణి కేకలేస్తున్నారు. మా దగ్గర మేత వేసే పద్ధతి ఏంటంటే, ప్లాస్టిక్ సంచికి అడుగున చిల్లులు పొడిచి, తవుడూ చెక్కా కలిపి నింపి, చెరువులో పాతిన కర్రలకి కడతారు. చేపలు వచ్చి చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. సాయంత్రం సంచి విప్పి ఎంత మిగిలిందో చూసి మర్నాటి మేత ఎంతో నిర్ణయిస్తారు. ఇవాళ చేపలు తేలి కొట్టుకుంటుంటే ఆ కుర్రాడు ఆకలనుకుని పొద్దున్నే సంచులన్నీ నిండా కట్టేశాడు.

"తేలిన చేపకి మేతేంట్రా? అది ఆకలి కాదు, ఊపిరాడక. ముందు ఆ సంచులు విప్పు!"

ఆయన నన్ను అనలేదు. నేనక్కడ ఉన్నట్టే ఆయనకి తెలియదు. కానీ నేను మాత్రం తిట్లు తిన్న కుర్రాడిలాగే తల దించుకుని కుర్చీలో కూర్చుని ఆ లాగ్ మొదట్నుంచి చదివాను.

మెమరీ లేక చావడంలో రెండు రకాలున్నాయి. జావా తన గదిలో చోటు చాలక తానే మొరపెట్టుకుని పడిపోవడం ఒకటి. అప్పుడు గది పెంచడం న్యాయం. మొత్తం ఇంట్లోనే చోటు లేకపోతే లినక్స్ లేచి, అందరిలోకీ ఎక్కువ ఆక్రమించినవాణ్ణి చూసి పీక నొక్కేయడం రెండోది. దీన్ని మావాళ్లు ఓఓఎమ్ కిల్లర్ అంటారు. ఆ రెండింటి మాటలూ రాసే చోటు వేరు, అచ్చు వేరు. జావా లాగ్‌లో జావా మొర ఎక్కడా లేదు. లినక్స్ లాగ్‌లో మాత్రం ఫలానా నంబరు ప్రాసెస్, జావా, చంపడమైనదని రెండుసార్లు శుభ్రంగా రాసి ఉంది. ఆకలితో పోలేదది. ఎక్కువ తిన్నందుకు పోయింది. ఎవరికైతే ప్రేమతో పదకొండు పెట్టానో వాణ్ణే పట్టించింది నా ప్రేమ.

జావాకి 4096, డేటాబేస్‌కి 4 జీబీ. మిగతా ఎనిమిదీ ఎవరి పేరా రాయలేదు. నిజానికి అది ఖాళీగా ఏం ఉండదు. జింబ్రాలో ఒక్కో ఉత్తరం డిస్క్ మీద ఒక్కో ఫైలు. ఎవరికీ ఇవ్వని మెమరీలో లినక్స్ ఇప్పుడే చదివిన ఫైళ్లని దాచిపెట్టుకుని, మళ్లీ అడిగితే డిస్క్ దాకా పోకుండా చేతికిస్తుంది. అంటే నేను జావాకి దోచిపెట్టిన ప్రతి గిగాబైటూ మెయిల్‌ని వేగం చేసే చోటు నుంచి లాక్కున్నదే. పన్నెండూ నలభైకి అన్నీ లేచాయి. ఒంటిగంటకి ఫోన్లు ఆగాయి.

ఒకటీ ఐదుకి నా మెయిల్లోకి వరసగా హెచ్చరికలు దిగాయి. మెమరీ 90 శాతం, మెమరీ 95 శాతం, స్వాప్ నిండుతోంది, స్వాప్ నిండింది. సర్వరుకి ఒంట్లో బాగోకపోతే నాకు చెప్పే ఏర్పాటు నేనే చేశాను. ఎలా చెప్పాలి? మెయిల్ పంపి. ఏ సర్వరు గుండా? ఆ సర్వరు గుండానే.

అసలు మొదట్లో మెయిల్ ఎందుకు నత్తనడక నడిచిందో ఆ మధ్యాహ్నం తీరిగ్గా చూశాను. ఒక్క మెయిల్‌బాక్సు ఊరంత పెరిగిపోయి ఉంది. ఇన్‌బాక్సులో రెండు లక్షల పైన ఉత్తరాలు, దాదాపు అన్నీ చదవనివే. ఐదు నిమిషాలకొకసారి వచ్చే హెచ్చరికలు. ఆ మెయిల్‌బాక్సు ఎవరిదో చెప్పాల్సిన పని లేదనుకుంటాను. ఎప్పుడైనా ఒక్కరోజు కూర్చుని వాటిని చెరిపేసి ఉంటే మెమరీ ఎవరూ అడిగేవారు కాదు.

సాయంత్రం రిపోర్టు రాశాను. మా వృత్తిలో తప్పు చేసినవాడే దర్యాప్తు అధికారి కూడా. అందుకే ఆ రిపోర్టుల్లో మనుషులు ఉండరు. "మెమరీపై ఒత్తిడి అధికమైనట్లు గమనించడమైనది. సెట్టింగులు సవరించడమైనది. సేవలు పునరుద్ధరించడమైనది." ఎవరు ఒత్తారో, ఎవరు గమనించారో, ఎవరు సవరించారో దేవుడికెరుక. పై నెల మీటింగులో పెద్దాయన ఎవరో ఆ రిపోర్టు చదివి, మూడు గంటల్లో ఇంత పెద్ద సమస్యని పట్టుకున్న ఆ ఇంజనీరు ఎవరని అడిగాడట. స్పాట్ అవార్డు అన్నారు, ఐదు వేలు. మిక్సీ వచ్చింది.

ఇది అచ్చయితే మా ఆవిడ చదువుతుంది. వేరేవాళ్లు చదివి చెప్పడం కంటే నేనే చెప్పడం మేలని నిన్న రాత్రి కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. పదీ ఐదూ, పదకొండూ ఐదూ, రెండు లక్షల ఉత్తరాలు, అన్నీ. తప్పు నాదేనని, ఆ తప్పుని దిద్దినందుకే డబ్బిచ్చారని చెప్పాను. శ్రద్ధగా వింది. మధ్యలో "వరండా" అనగానే ఒకసారి నవ్వింది.

అంతా విన్నాక లేచి, గిన్నెలు సర్దుకుంటూ అడిగింది:

"అయితే ఏవండీ, మన గ్రైండర్ రాయి అరిగిపోయింది. మళ్లీ ఎప్పుడు అప్‌గ్రేడ్ చేస్తున్నారు?"